దిండు కింద పత్తి

ఐదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. దించడానికి ఇన్నాళ్ళూ చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీ దగ్గర దించుతున్నాను.

నేను మూడో తరగతి దాకా చదివాను. రాయడం వచ్చు గానీ నెమ్మది. ఒత్తులు తప్పితే సరిచేసుకుని చదువుకోండి. ఏడుపు రాతలు నాకు చేతకావు. ముందు అసలు మాట చెప్పేస్తాను. నా మనవరాలి డాక్టరు చదువు చెల్లకుండా పోవడంలో నా చెయ్యి ఉంది. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకుండా నేనే చూసుకున్నాను.

మాది పొందూరు పక్కన ఒక ఊరు. నేను నూలు వడుకుతాను. మా అమ్మ వడికింది, మా అత్త వడికింది. పత్తిలో గింజలు తీసి, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఆ దూదిని ఏకులుగా చుట్టి, రాట్నం మీద సన్న నూలు తీస్తాం. ఊళ్ళో ఈ పని చేసే ఆడవాళ్ళు పన్నెండు మంది నా మాట వింటారు. నేను పెద్దదాన్నని కొంత, నా నోటికి భయపడి కొంత. పని చెడగొట్టినా, పత్తి పారబోసినా, కూర్చుని కబుర్లు చెప్పినా ఊరుకోను. మా ఇంట్లో అగ్గిపుల్ల కూడా ఒకటికి రెండు గీయనివ్వను.

ఐదేళ్ళ కిందట సింహాచలం అనే మనిషి మా ఊరు వచ్చాడు. ఆస్పత్రుల వాళ్ళ కోసం ఊళ్ళు తిరిగి కేంపులకు జనాన్ని పోగుచేయడం అతని పని. మాకు మూడు గంటల బస్సు దూరంలో ఒక మెడికల్ కాలేజీ ఉంది. అది ఏ ఊరో చెప్పను, పేరూ చెప్పను. అన్ని కాలేజీలూ అలాంటివని కూడా అనను. అక్కడ పెద్ద డాక్టరు చదువులు మొదలుపెట్టడానికి పర్మిషన్ కావాలట. దానికి పైనుంచి తనిఖీకి వస్తారట. వచ్చినప్పుడు మంచాలు ఖాళీగా కనిపించకూడదట.

"ఒక్క పూట పడుకుంటే సాలమ్మా. ఎవులూ ఏటీ సెయ్యరు. కళ్ళు సూపించి, అద్దాలు ఊరికే ఇప్పిస్తాను" అన్నాడు.

అద్దాల మాట దగ్గర నేను పడిపోయాను. సన్న నూలు తీసేవాళ్ళకి కళ్ళే ఆస్తి. పన్నెండు మందిలో సగం మందికి పోగు కనిపించడం లేదు. అద్దాలు కొనుక్కోమంటే ఒక్కరూ కొనరు, నాతో సహా. రోగం లేకుండా ఆస్పత్రిలో పడుకోవడం అశుభమని పైడమ్మ నసిగింది. పైడమ్మ నా పక్కింటిది, నాకంటే చిన్నది, అక్క వరసన నన్ను అప్పా అంటుంది. పడుకుంటే అంటుకునే రోగమేదీ లేదని దాని నోరు మూయించాను. అందరినీ వ్యానెక్కించింది నేనే.

ఆడవాళ్ళ ఆపరేషన్ వార్డులో మంచానికొకరం పడుకున్నాం. నర్సు నా చేతి మీద ప్లాస్టరు వేసి, మందు లేని గొట్టం అంటించింది. మంచం కాళ్ళ దగ్గర ఫైలు తగిలించింది. నాకు పిత్తాశయంలో రాళ్ళట. ఆపరేషన్ అయ్యి నాలుగు రోజులట. తనిఖీ ఆయన వచ్చి ఎన్ని రోజులైందమ్మా అని అడిగాడు. "నాలుగు రోజులయ్యింది బాబూ. నొప్పి తగ్గినాది" అన్నాను. నాలుగు రోజులని చెప్పమన్నారు. నొప్పి తగ్గిందని ఎవరూ చెప్పమనలేదు. అది నేనే కలిపాను. ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను, ఆ రెండో మాట ఎందుకన్నాను అని. అబద్ధమైనా అరకొరగా చేయడం నాకు ఇష్టం లేదనా?

ఆ రోజు నన్ను బాధపెట్టింది అబద్ధం కాదు. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా పన్నెండు మంది ఆడవాళ్ళ చేతులు ఖాళీగా ఉండడం. ఒక రోజు పని పోయింది. తిరుగు ప్రయాణంలో అదే అనుకుంటూ వచ్చాను. తర్వాత అద్దాలు వచ్చాయి. కాలేజీకి పర్మిషన్ కూడా వచ్చిందని సింహాచలం చెప్పాడు. మంచి పనే అయిందనుకున్నాను. ఇంట్లో మాత్రం కళ్ళ కేంపుకు వెళ్ళామని చెప్పాను.

ఇక నా మనవరాలి సంగతి. నా కొడుకు కూతురు. మేం పాప అంటాం. గవర్నమెంటు కాలేజీలో సొంత తెలివితో ఎం.బి.బి.ఎస్. చదివింది. మా వంశంలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల అదే. దాన్ని పెంచింది సగం నేనే. రెండో తరగతిలో ఉండగా ఎవరిదో పెన్సిలు ఇంటికి తెచ్చింది. ఎండలో బడి దాకా నడిపించి, అందరి ముందూ తిరిగి ఇప్పించాను. అబద్ధమాడితే అన్నం పెట్టనని చెప్పి, ఒకసారి నిజంగానే పెట్టలేదు. అలా పెంచాను.

ఎం.బి.బి.ఎస్. అయ్యాక పిల్లల డాక్టరు అవుతానంది. దానికి పీజీ అని ఇంకో మూడేళ్ళు చదవాలి. దేశం మొత్తానికీ ఒక పరీక్ష పెట్టి, వచ్చిన ర్యాంకుని బట్టి కాలేజీలు కోరుకోమంటారు. కంప్యూటర్లో ఆప్షన్లు పెట్టాలి. దాని ర్యాంకుకి చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఒడిశాకి కూడా అవతల, రైల్లో ఒకటిన్నర రోజు. పాత కాలేజీ, గుర్తింపు ఎప్పుడో వచ్చింది. రెండోది, మేం వెళ్ళి పడుకున్నదే.

ఆ రోజు నేను అరుగు మీద ఏకులు చుడుతున్నాను. పాప ఫోను పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఆ మాటలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు.

"మామ్మా, నువ్వు కళ్ళ కేంపుకని ఎళ్ళినావు కదా, ఆ ఆస్పత్రి ఎలాగున్నాది?"

"ఏటెలాగున్నాది? ఆస్పత్రి ఆస్పత్రిలాగే ఉంటాది."

"అలాగ కాదే. రోగులొస్తన్నారా, నేదా? బిల్డింగులు సూసుకుని మేం ఏటి సేసుకుంటాం? రోగులు నేకపోతే ఏటి నేర్సుకుంటాం?"

"నీ సదువు గురించి నన్నడుగుతావేటే గుంటా? మీ మాస్టర్లు నేరా?"

"వాళ్ళు ఒకలు ఎళ్ళమంటారు, ఒకలు వద్దంటారు. ఆ కాలేజీకి ఇప్పుడు పర్మిషనే ఉంది మామ్మా, గుర్తింపు రానేదు. మొదటి బేచ్ మాదే అవుతాది. మేం మూడేళ్ళు సదివి పరీక్ష రాసినప్పుడు మళ్ళీ తనిఖీకొస్తారు. అప్పుడు రోగులు నేరని, డాక్టర్లు నేరని గుర్తింపు ఇవ్వకపోతే నా డిగ్రీ సెల్లదు. మూడేళ్ళూ గంగలో కలిసిపోతాయి. అందుకే భయం."

నా చేతిలో ఏకు ఆగింది. పాప నా మొహం వైపే చూస్తోంది.

"నేనెళ్ళిన దినం ఒక్క మంచం కూడా కాళీ నేదు" అన్నాను.

"నిజంగానా?"

"నా కళ్ళతో సూసినాను. ఆడోళ్ళ వార్డు నిండిపోయున్నాది. నా మాట మీద నమ్మకం నేదేటి?"

పాప నవ్వింది. "నీ మాట మీద కాపోతే ఎవులి మాట మీద ఉంటాది? నువ్వు గుళ్ళో పులిహోరకే వంక పెడతావు. నువ్వు బాగున్నాదన్నావంటే అది బాగున్నట్టే."

అంతే. ఆ రోజే ఆప్షన్ మార్చుకుంది. ఆ కాలేజీని ముందు పెట్టింది.

నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. మంచాలు నిండే ఉన్నాయి. నా కళ్ళతో చూశాను. ఎవరితో నిండి ఉన్నాయో చెప్పలేదు, అంతే. ఇన్నేళ్ళూ దీన్ని పట్టుకుని నన్ను నేను కాపాడుకుందామని చూశాను. కుదరలేదు. పాప అడిగింది మంచాల లెక్క కాదు. మూడేళ్ళ జీవితం అక్కడ పెట్టవచ్చా అని అడిగింది.

ఎందుకు చెప్పలేదు? సిగ్గు ఒకటి. పెన్సిలు కోసం బడి దాకా నడిపించిన మనిషిని, అద్దాల కోసం రోగిష్ఠిదానిలా పడుకున్నానని ఆ పిల్లకి ఎలా చెప్పను? దగ్గర్లో ఉంటే ఆదివారాలు ఇంటికి వస్తుందన్న ఆశ ఒకటి. కానీ అసలు కారణం వేరే ఉంది, అది రాయడానికే నాకు కష్టంగా ఉంది. మేం పడుకుంటే పర్మిషన్ వచ్చింది కదా. మళ్ళీ తనిఖీ వస్తే మళ్ళీ పడుకుంటాం, గుర్తింపు వచ్చేస్తుంది అనుకున్నాను. మోసం ఒకసారి పనిచేసింది కాబట్టి అది కూడా ఒక పద్ధతే అనుకున్నాను. నా మనవరాలి భవిష్యత్తుకి దాన్ని పూచీ పెట్టాను.

పాప చేరింది. ఆదివారాలు వచ్చేది. ఇవాళ వార్డులో ఇద్దరే పిల్లలు, నిన్న ఒక్కరూ రాలేదు అని చెప్పేది. జ్వరం వచ్చిన పిల్లల్ని జనం ఊళ్ళోని గవర్నమెంటు ఆస్పత్రికే తీసుకుపోతున్నారట. పుస్తకాలు చదివి నేర్చుకుంటున్నానంది. ఒకసారి, "పిల్లలకి రోగాలు రాకపోడం మంచిదే కదే" అన్నాను. పాప పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. చదువు సగంలో మానేసి మళ్ళీ పరీక్ష రాద్దామా అని రెండో ఏడు వాళ్ళ నాన్నతో అన్నది. అప్పుడైనా నేను నోరు విప్పి ఉంటే రెండేళ్ళే పోయేవి. విప్పలేదు. మొదలుపెట్టిన పని మధ్యలో వదలకూడదని నేనే గట్టిగా చెప్పాను. నా మాట చెల్లింది.

మూడో ఏడు చివర సింహాచలం మళ్ళీ వచ్చాడు. ఈసారి నన్ను బతిమాలవలసిన అవసరం కూడా అతనికి లేకపోయింది. నేనే ఎప్పుడు వ్యాను వస్తుందని అడిగాను. నరసన్నపేటలో చుట్టాలింటికి వెళ్తున్నానని కొడుకుతో చెప్పాను. పాప ఉండేది పిల్లల వార్డులో, మేం వెళ్ళేది ఆడవాళ్ళ ఆపరేషన్ వార్డుకి, వేరే అంతస్తు. కనబడదని ముందే కనుక్కున్నాను. వేరే పేర్లు చెప్పాలని అందరికీ నేర్పించాను.

ఇంకొకటి కూడా చెప్పాను. పోయినసారి ఒక రోజు వృథా అయింది, ఈసారి అలా కాకూడదు, ఎవరి పత్తి వాళ్ళు తెచ్చుకోండి అన్నాను. తనిఖీవాళ్ళు వచ్చేదాకా గింజలు తీసుకోవచ్చు, వచ్చినప్పుడు దిండు కింద పెట్టేస్తే సరి. ఎవరికీ తప్పుగా తోచలేదు. మాకు చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడమే తప్పు.

ఈసారి వచ్చినావిడ తెలుగావిడే. మెత్తగా మాట్లాడుతుంది. ఫైళ్ళు చూసింది, గొట్టాలు చూసింది. పైడమ్మ మంచం దగ్గర ఆగింది. పైడమ్మ చీర మీద రెండు గింజలు, కాస్త నుసి ఉన్నాయి. ఆవిడ దిండు ఎత్తింది. కింద గుప్పెడు పత్తి, పక్కనే చేప దవడ.

"ఇదేంటమ్మా?" అని అడిగింది.

పైడమ్మ, "దూదండి. దిండులోది బయటికొచ్చీసినాది" అన్నది.

అది స్పాంజి దిండు. ఆవిడ నవ్వలేదు. పక్క మంచం దిండు ఎత్తింది. దాని పక్కది ఎత్తింది. నా దగ్గరికి వచ్చి దిండు ముట్టుకోలేదు. నా ఎడమ చెయ్యి తీసుకుని, చూపుడు వేలు తిప్పి చూసింది. నూలు లాగి లాగి అక్కడ గీత పడి ఉంటుంది మాకు. తర్వాత పైడమ్మ వేలు చూసింది, ఇంకొకామె వేలు చూసింది. పది ఊళ్ళ నుంచి, పది రోగాలతో వచ్చామని ఫైళ్ళలో ఉంది. వేళ్ళు మాత్రం అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కాలేజీకి గుర్తింపు రాలేదు. ఒక వార్డులో దొంగ రోగులు దొరికితే ఆస్పత్రి మొత్తాన్నీ నమ్మలేం అన్నారట. పీజీ సీట్లన్నిటికీ ఆపేశారు. పాప పరీక్ష పాసయింది. కానీ ఆ డిగ్రీ రిజిస్టరు కాదు. పిల్లల డాక్టరని బోర్డు పెట్టుకోకూడదు. పై చదువుకి అప్లికేషన్ పెడితే మీ కాలేజీకి గుర్తింపు లేదని వెనక్కి పంపారు. గవర్నమెంటు ఉద్యోగానికి పెట్టినా అదే మాట. ఇప్పుడు రాజాంలో ఒక నర్సింగ్‌హోములో ఎం.బి.బి.ఎస్. డాక్టరుగా డ్యూటీ చేస్తోంది. దానితో చదివిన వాళ్ళందరిదీ ఇదే గతి.

నేను వెళ్ళకపోతే సింహాచలం ఇంకో ఊరి నుంచి ఇంకో పన్నెండు మందిని తెచ్చేవాడు. ఇది నిజమే. ఆ ఆస్పత్రి డొల్లతనం నేను చేసింది కాదు. ఇదీ నిజమే. పైడమ్మ ఈ మాటలే చెప్పి నన్ను ఓదారుస్తుంది. కానీ నన్ను తినేది వేరే ప్రశ్న. మేం పత్తి తీసుకుపోకుండా ఉండి, ఆవిడ దిండు ఎత్తకుండా ఉండి, గుర్తింపు వచ్చేసి ఉంటే, నేను ఇవాళ ఇది రాసేదాన్నా? రాసేదాన్ని కాదు. చాలామంది పిల్లల్ని చూడకుండానే పిల్లల డాక్టరయిన నా మనవరాలి బోర్డు చూసుకుని మురిసిపోయేదాన్ని. మరి నేను బాధపడుతున్నది తప్పు చేసినందుకా, దొరికినందుకా? చాలా రోజులు దొరికినందుకే. ఈమధ్యనే ఆ మొదటిది మొదలైంది. ఎలా మొదలైందో చెబుతాను.

పాప, తోటి డాక్టర్లు కలిసి కోర్టులో కేసు వేశారు. మేం మోసపోయినవాళ్ళం, మమ్మల్ని గుర్తింపున్న కాలేజీకి మార్చి మా చదువు చెల్లేలా చెయ్యండి అని. కాలేజీవాళ్ళేమో, మా వార్డులో ఉన్నవాళ్ళు నిజమైన రోగులే, తనిఖీవాళ్ళే పొరబడ్డారు అంటున్నారు. దొంగ రోగుల్ని తెచ్చారని చెప్పే సాక్షి ఒక్కరైనా ఉంటే కేసు నిలుస్తుందని వకీలు చెప్పాడట. సెలవు రోజుల్లో పాప బస్సులెక్కి ఊళ్ళు తిరుగుతోంది. తనిఖీ ఆవిడ రాసిన కాగితంలో పత్తి మాట, వేళ్ళ మీది గీతల మాట ఉన్నాయట, అందుకని నూలు వడికే ఆడవాళ్ళని అడుగుతూ తిరుగుతోంది.

కిందటి వారం నా ముందు కాగితాలు పరుచుకుని కూర్చుంది.

"ఒక్కరు, ఒక్కరొచ్చి 'మమ్మల్ని వ్యానులో తెచ్చి పడుకోబెట్టినారు' అని సెప్తే సాలు మామ్మా. వాళ్ళనెవులూ ఏటీ అనరు. నీకు తెలిసినోళ్ళెవులైనా ఉన్నారేటి?"

"నాకెవులూ తెల్దు" అన్నాను.

పాప తలెత్తి చూడలేదు. "సర్లే" అని కాగితాలు సర్దుకుంది. మా ఊళ్ళో మాత్రం ఇంతవరకూ ఒక్క ఇంటికీ వెళ్ళి అడగలేదు. ఎందుకు అడగలేదు? మామ్మ ఊరు కదా, ఉంటే మామ్మకి తెలియదా అనుకుందా? లేక తెలిసే, నా నోటితో వినాలని కాచుకుని ఉందా? ఆ అమ్మాయిని నేనే పెంచాను, అయినా ఈ సంగతి పోల్చుకోలేకపోతున్నాను.

ఆ మర్నాడు పైడమ్మ వచ్చి, "అప్పా, సెప్పీద్దామేటి?" అని అడిగింది. నోరు మూసుకోమన్నాను. నా ఒక్కదాని నోరు కాదు, పన్నెండు నోళ్ళు నేను మూసి ఉంచాను. మొదటి తప్పుకి అద్దాలు సాకు. రెండోదానికి నా మనవరాలు సాకు. ఈ మూడోదానికి సాకు ఏమీ లేదు. నా పరువు, అంతే. ఆ పిల్ల కళ్ళలో నేను పులిహోరకి వంకపెట్టే మామ్మగానే ఉండాలి. దానికోసం దాని బతుకు ఆపి ఉంచాను. ఇది తెలిసినప్పటి నుంచి రాట్నం దగ్గర పోగు నిలవడం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించి ఏం లాభం? పాపని అడిగే ధైర్యం ఉందో లేదో నాకే తెలియదు. రాద్దామని కూర్చున్నప్పుడు, రాశాక చెప్పేస్తానని అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. కానీ ఇంతవరకూ ఈ సంగతి నాలో నేను కూడా పూర్తిగా చెప్పుకోలేదు. ఎక్కడో ఒకచోట ఆపేసేదాన్ని. ఇవాళ ఆపలేదు. చెయ్యి లాగుతోంది గానీ ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటి బస్సుకి పాప ఇంకో ఊరు వెళ్తానంటోంది, ఆ ఆడవాళ్ళ కోసం. ఆ ఊళ్ళో వాళ్ళు లేరు. మా ఇంట్లో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.